బండి తాళానికి ప్రార్థన సరే, అప్పు కాగితం ఎవరు చదివారు?



ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారం రాస్తున్నది కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా చివరిదాకా చదవమని బతిమాలుతున్నాను. ఇది మన పిల్లల మెడ మీద పడుతున్న కాడి సంగతి.

మన సంఘాల్లో ఈ మధ్య ఒక అలవాటు బలపడింది. పిల్లవాడు కొత్త కారు తెస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని మందిరం ముందు నిలబెడతారు. ముందు రిబ్బను, వెనక అద్దం మీద వాక్యం. సేవకుడు తాళం చేతిలోకి తీసుకుని ప్రార్థన చేస్తాడు, అందరూ ఆమేన్ అంటారు, మిఠాయి పంచుతారు. "దేవుడు నాకు కారు ఇచ్చాడు" అని వచ్చే ఆదివారం సాక్ష్యం. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టడం లేదు. అడిగేది ఒక్కటే. ఆ తాళం చేతికి రాకముందు పిల్లవాడు ఇరవై, ముప్పై చోట్ల సంతకాలు పెట్టిన కాగితం ఒకటుంది. దాన్ని ఎవరు చదివారు? వాడు చదివాడా? వాళ్ల నాన్న చదివాడా? చేతులెత్తి ప్రార్థన చేసిన మనలో ఎవరైనా చదివారా?

ఆర్.సి. తీసి చూడండి. యజమాని పేరు కింద ఫైనాన్సు సంస్థ పేరు ఉంటుంది. హైపోథికేషన్ అంటారు దాన్ని. చివరి వాయిదా కట్టి, ఆ సంస్థ దగ్గర ఎన్‌వోసీ తెచ్చి, ఫారం 35 మీద ఆర్టీఏ వాళ్లు ఆ పేరు కొట్టేసేదాకా బండి తాకట్టులో ఉన్నట్టే. తాకట్టులో ఉన్న పొలాన్ని చూపించి "దేవుడు నాకు భూమి ఇచ్చాడు" అని మన తాతలెవరూ సాక్ష్యం చెప్పలేదు. కారు విషయంలో మాత్రం మనం చెబుతున్నాం, చెప్పిస్తున్నాం. అప్పును ఆశీర్వాదం అనడం ఆపాలి. తాళం మీద చెయ్యి పెట్టి ప్రార్థించే సంఘం ఆ అప్పు లెక్క కూడా చూడాలి. ఇదే నేను చెప్పదలచుకున్నది.

ఎవరి గురించి రాస్తున్నానో కూడా చెప్పాలి. మన ఊళ్ల నుంచి వెళ్లిన యౌవనస్థులు చాలామంది సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్‌లో ఒక్కో గదిలో నలుగురు, ఐదుగురు ఉంటున్నారు. వాళ్ల కూడిక కోసం నేను అక్కడికి వెళ్లి వస్తుంటాను. సికింద్రాబాద్ ఇంగ్లీషు పటాలం కోసం పుట్టిన ఊరు. 1806లో నిజాం సికందర్ జా పేరు దానికి పెట్టారు. పటాలం వచ్చిన చోటికి పటాలానికి సరుకు అమ్మే బజారు కూడా వచ్చింది. రెజిమెంటల్ బజార్ అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. పటాలం రోజులు పోయాయి, స్టేషన్ మిగిలింది. తెల్లవారుజామున రైలు దిగిన మనిషికి బండి కావాలి. శంషాబాద్ విమానాశ్రయానికి పోయే మనిషికి బండి కావాలి. కాబట్టి ఆ గదుల్లో ఉండే కుర్రవాడికి కారు అంటే బతుకుతెరువు. ఒకరి దగ్గర జీతానికి డ్రైవరుగా ఉన్నవాడు "సొంత బండి ఉంటే నా కష్టం నాకే మిగులుతుంది కదా" అనుకుంటాడు. అందులో తప్పేముంది? "వాడికి కారెందుకు, ఉన్నదాంతో ఉండొచ్చు కదా" అని మెటికలు విరిచే పెద్దలతో నేను లేను. కష్టపడే వాడికి పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు వాణ్ణే మింగకూడదన్నది నా బాధ.

వీడు అప్పుకు వెళ్లగానే మొదట వినే మాట "సిబిల్ లేదు". సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఇదివరకు అప్పు తీసుకుని, కట్టి, ఆ రికార్డు ఉన్నవాడికే ఆ అంకె. మన పిల్లవాడు ఎన్నడూ బ్యాంకు అప్పు తీసుకోలేదు. గది అద్దె ఒక్క నెల తప్పలేదు. స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు మాటిచ్చిన రోజుకే తిరిగిచ్చాడు. ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపాడు. ఇవేవీ ఆ లెక్కలో లేవు. ఎవరికీ బాకీ లేకుండా బతకమని మనం వాక్యం చెబితే, అలా బతికినవాణ్ణి లోకం "నీ చరిత్ర ఖాళీగా ఉంది" అంటుంది. దీనికి కోపం రావాలి. నాకైతే వచ్చింది.

కానీ కోపంతో పాటు తెలివి కూడా ఉండాలి. కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఏ అంకే పెట్టలేదు. మొదటిసారి అప్పు అడిగేవాడి దరఖాస్తును, పాత అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చవద్దని రుణసంస్థలకు చెప్పింది కూడా. కేంద్ర ఆర్థిక శాఖ 2025లో పార్లమెంటులో ఇదే మాట చెప్పింది. ఈ సంగతి తెలియని పిల్లవాడు బ్యాంకు గుమ్మంలో "సిబిల్ లేదు" అన్న మాట వినగానే తల వంచుకుని బయటికి వస్తాడు. బయట ఏజెంటు నవ్వుతూ నిలబడి ఉంటాడు. "తమ్ముడూ, సిబిల్ లేకున్నా ఇప్పిస్తా. ఈ రోజే బండి తీసుకుపో." అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ఆ ఏజెంటు చెప్పే లెక్క చూద్దాం. 6,00,000 రూపాయల అప్పు, ఐదేళ్ల గడువు, "10 శాతమే వడ్డీ, ఫ్లాట్". ఏడాదికి 60,000 చొప్పున ఐదేళ్లకు వడ్డీ 3,00,000. మొత్తం 9,00,000. నెలకు 15,000 వాయిదా. మన ఊరి లెక్కలో చెబితే నూటికి నెలకు 83 పైసలు. "ఊళ్లో రెండు రూపాయల వడ్డీ తెస్తాం, ఇది రూపాయి కూడా లేదు" అని పిల్లవాడు సంతోషపడతాడు.

మోసం ఎక్కడుందంటే, ప్రతి నెలా వాడు అసలులో కొంత తిరిగి కట్టేస్తున్నాడు. అయినా అరవైయ్యో నెల దాకా వడ్డీ మాత్రం మొదటి రోజు ఇచ్చిన ఆరు లక్షల మీదే వేస్తున్నారు. మిగిలిన అసలు మీద మాత్రమే లెక్క కడితే ఆ "10 శాతం" నిజానికి 17 శాతం దాటుతుంది. పైసల్లో చెబితే నూటికి నెలకు రూపాయి నలభై నాలుగు పైసలు. అదే ఆరు లక్షలు బ్యాంకులో తగ్గే అసలు మీద 10 శాతానికి దొరికితే వాయిదా సుమారు 12,750 అవుతుంది. ఐదేళ్లలో తేడా దాదాపు 1,35,000 రూపాయలు. రెండు చోట్లా పలికింది "పది శాతం" అన్న మాటే. ఇంకొకటి వినండి. ఫ్లాట్ లెక్కలో తీసుకున్నవాడు రెండేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా 3,60,000 కట్టాక కూడా వాడి మీద అసలు ఇంకా దాదాపు 4,19,000 ఉంటుంది. అప్పటికి బండి విలువ ఎంత పడిపోయిందో మీరే లెక్క వేసుకోండి.

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం తీయండి. జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టి ధాన్యం తెచ్చుకున్నారు, పన్ను కట్టడానికి అప్పు చేశారు, చివరికి కొడుకులను, కూతుళ్లను దాస్యానికి అప్పగించే స్థితికి వచ్చారు. నెహెమ్యా ఆ మొర విని ఏం చేశాడు? మొదట మండిపడ్డాడు. తర్వాత తనలో తాను ఆలోచించుకున్నాడు. ఆ తర్వాత సమాజాన్ని పిలిచి పెద్దలను ముఖం మీదే గద్దించాడు. తిరిగిచ్చేయమని ఆయన అడిగినవాటిలో నూరవ వంతు ఒకటుంది. చాలామంది వ్యాఖ్యాతలు దాన్ని నెలకు నూటికొకటి వడ్డీ అని చెబుతారు. అంటే మన భాషలో రూపాయి వడ్డీ. రూపాయి వడ్డీకే దైవజనుడు సభ పెట్టి నిలదీశాడు. రూపాయి నలభై నాలుగు పైసల వడ్డీకి మనం రిబ్బను కట్టి మిఠాయి పంచుతున్నాం.

ఇక డౌన్ పేమెంటు. షోరూములో లక్షో, లక్షన్నరో చేతిలో పెట్టమంటారు. గదిలో ఉండే కుర్రవాడికి అది ఎక్కడిది? అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీస్తుంది. అక్క గాజులు తాకట్టుకు పోతాయి. ఇంకా తక్కువ పడితే ఫోనులో లోన్ యాప్. అంటే అప్పు తీసుకోవడానికి అప్పు. డ్వాక్రా అప్పు అమ్మ ఒక్కదానిది కాదని మీకు తెలుసు. ఆమె కట్టకపోతే మిగతా ఆడవాళ్ల ముందు తలెత్తుకోలేదు, సంఘం మొత్తానికి మళ్లీ అప్పు పుట్టడం కష్టమవుతుంది. 2010లో మైక్రోఫైనాన్సు వాయిదాల ఒత్తిడికి మన ఊళ్లలో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబరులో, లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో యువకులు చనిపోయారు, హైదరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. రెండుసార్లూ చనిపోయింది చిన్న అప్పు చేసినవాళ్లే. ఇంత జరిగినా మనం ఇంకా "విశ్వాసంతో అడుగు వెయ్యి తమ్ముడూ" అంటూ వీపు తడుతున్నాం.

తర్వాత ష్యూరిటీ. సిబిల్ లేదు కాబట్టి ఎవరైనా సంతకం పెట్టాలంటారు. వాడు ఎవరి దగ్గరికి వస్తాడు? సంఘంలో గవర్నమెంటు ఉద్యోగం ఉన్న మామయ్య దగ్గరికి, టీచరమ్మ దగ్గరికి. "మన పిల్లవాడే కదా, సంతకమే కదా" అని పెట్టేస్తారు. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ఏం చెబుతుందో తెలుసా? ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో ష్యూరిటీ పెట్టినవాడికీ అంతే బాధ్యత. వాణ్ణి అడిగాకే నిన్ను అడగాలన్న నియమం కూడా లేదు. వాడు వాయిదా ఎగ్గొడితే నీ సిబిల్ కూడా దెబ్బతింటుంది. సామెతల గ్రంథం 6వ అధ్యాయం మొదటి వచనాల్లో, పొరుగువాడికి పూటపడి చిక్కుకున్నవాడు నిద్ర మానుకుని అయినా తప్పించుకోవాలని, వేటగాడి చేతిలో పడ్డ జింకతో పోల్చి చెప్పింది. "మరి పౌలు ఒనేసిము అప్పును తన మీద వేసుకోలేదా?" అని అడుగుతారు. వేసుకున్నాడు. తన చేత్తో రాసి, తీరుస్తానని చెప్పి వేసుకున్నాడు. తీర్చే శక్తి, ఇష్టం రెండూ ఉండి, వాడు కట్టకపోతే నేనే కడతానని ముందే మనసులో స్థిరపరచుకున్నవాళ్లు సంతకం పెట్టండి. మొహమాటంతో మాత్రం పెట్టకండి. పాస్టరు గారు చెప్పారని అసలు పెట్టకండి. ష్యూరిటీ కోసం సంఘస్థుల మీద ఒత్తిడి తేవడం సేవకుడి పని కాదు.

ఇక మన ప్రసంగపీఠం వైపు వస్తాను. కారు వస్తే ఆశీర్వాదం అన్నాం. మరి ఆ కారును సీజ్ చేసి తీసుకుపోతే ఏమనాలి? శాపమనాలా? మనం పైకి అనం. కానీ పిల్లవాడికి ఆ మాట వినిపించేస్తుంది. వాయిదా తప్పిన నెల నుంచి వాడు ఆరాధనకు రావడం మానేస్తాడు. ఫోను తియ్యడు. సాక్ష్యం చెప్పిన చోట మొహం చూపించలేడు. బండి పోవడం ఒక నష్టం. బండితో పాటు సంఘం కూడా పోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఆ రెండో నష్టానికి కారణం ఫైనాన్సు సంస్థ కాదు, ఆస్తిని బట్టి దేవుని ప్రేమను కొలిచే మన ప్రసంగాలు. కొందరు సేవకులు యౌవన కూడికల్లో "ఈ ఏడాది నీకు కారు, నీకు ఫ్లాటు" అని చేతులు చాపి చెబుతున్నారు. వాయిదా రోజున వాళ్లు కనిపించరు.

మన తాతల సంగతి మరిచిపోయామా? పెళ్లికో, చావుకో దొర దగ్గర కొంత అప్పు తెచ్చి, అది తీరేదాకా జీతమున్నారు. వడ్డీ కింద కష్టమంతా పోయి, అసలు అలాగే ఉండి, కొడుకును కూడా జీతానికి పెట్టారు. నిజాం రాజ్యంలో దాన్ని భాగేలా అన్నారు. 1936లో దాని మీద నిజాం ప్రభుత్వం ఒక చట్టం తెచ్చినా ఊళ్లలో ఆ కట్టు తెగలేదు. దేశమంతటికీ వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. కారు అప్పూ, భాగేలా ఒకటేనని నేను అనడం లేదు. ఈ రోజు పిల్లవాడికి చట్టం ఉంది, కాగితం ఉంది, వద్దనే స్వేచ్ఛ ఉంది. తాతలకు అవి లేవు. వేలిముద్ర వేసిన తాతకు చదువు రాదు. చదువు వచ్చిన మనవడు కూడా చదవకుండానే సంతకం పెడుతుంటే ఆ చదువు ఎందుకు?

"అయ్యగారూ, విశ్వాసం ఉంటే దేవుడే వాయిదా కట్టిస్తాడు కదా" అని అడిగినవాళ్లున్నారు. రాజులు రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ప్రవక్తల శిష్యుడొకడు అప్పుతో చనిపోయాడు. అప్పిచ్చినవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. భయభక్తులున్న ఇంట్లోకే అప్పు ఆ స్థితి తెచ్చింది. ఎలీషా మొదట అడిగింది ఇంట్లో ఏముందని. అద్భుతం జరిగి నూనె పాత్రలన్నీ నిండాక కూడా ఆయన చెప్పిన వరస చూడండి. నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. ఆ అద్భుతంలో కూడా ముందు లెక్క ఉంది, తర్వాత అప్పు తీర్చడం ఉంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14లో ప్రభువే అడిగాడు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం అనేవాడు ఆ మాట ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకోవాలి.

"మరి అప్పు లేకుండా మాలాంటివాళ్లం బండి ఎప్పటికి కొంటాం?" ఇది న్యాయమైన ప్రశ్న. అసలు అప్పే చెయ్యొద్దని నేను అనను. చేసే పద్ధతి ఒకటుంది. తమ్ముళ్లూ, జాగ్రత్తగా వినండి.

మొదట, బండి కొనకముందే వాయిదా కట్టడం మొదలుపెట్టు. జీతానికి డ్రైవరుగా ఉన్నప్పుడే నెలకు 7,500 పోస్టాఫీసు ఆర్.డి.లో వెయ్యి. ఏడాదికి 90,000. అమ్మ డ్వాక్రా జోలికి పోకుండా డౌన్ పేమెంటులో పెద్ద భాగం అదే అవుతుంది. అది వెయ్యడం నీవల్ల కాకపోతే, నెలకు 15,000 కూడా కాదు. ఆ సంగతి షోరూముకు పోకముందే తెలియడం మంచిది.

రెండోది, ఖాళీ చరిత్రను చిన్నగా నింపుకో. బ్యాంకులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని మీద క్రెడిట్ కార్డు ఇచ్చే బ్యాంకులున్నాయి. ఆ కార్డుతో నెలకోసారి పెట్రోలు పోయించి, బిల్లు మొత్తం గడువులోపు కట్టెయ్యి. అంతకు మించి వాడకు. ఏడాది అలా చేస్తే నీ పేరున ఒక అంకె వస్తుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కో దాని దగ్గర ఏడాదికి ఒకసారి నీ పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతానన్నవాణ్ణి నమ్మకు.

మూడోది, ఆ రోజే సంతకం పెట్టకు. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే ప్రతి కొత్త అప్పుకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది నీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో అడుగు. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగు ఫీజు, ఇతర ఖర్చులన్నీ కలిపిన అసలు రేటు అది. ఫ్లాట్ ముసుగు అక్కడ తొలగిపోతుంది. అందులో రాయని ఖర్చు నీ అనుమతి లేకుండా తర్వాత వెయ్యకూడదు. ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు నీకోసం అలాగే ఉండాలి. "ఈ రోజే ఆఫరు, రేపు ఉండదు" అని తొందరపెడితే, ఆ మూడు రోజుల మాట గుర్తుచెయ్యి.

నాలుగోది, నెల లెక్క నోటుబుక్కులో రాయి. వాయిదా, ఇంధనం, ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు, యాప్ కమీషను, గది అద్దె, ఇంటికి పంపేది. ఆదాయం రాసేటప్పుడు మంచి నెలది రాయకు, చెడ్డ నెలది రాయి. 2016 చివర, 2017 మొదట్లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మెకు దిగింది ఎందుకు? యాప్ సంస్థలు మొదట్లో ఇచ్చిన రాబడి చూసి అప్పు చేశారు, ఆ రాబడి తగ్గింది, వాయిదా మాత్రం తగ్గలేదు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఆరు నెలలు వాయిదాకు విరామం ఇచ్చారు గాని ఆ నెలల వడ్డీ మాఫీ కాలేదు. ఇంకొక మాట. సొంతానికని తీసుకున్న తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకు. ప్రైవేటు పాలసీ కిరాయికి తిప్పే బండికి వర్తించదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు రాక, అప్పు పోక, నువ్వు మధ్యలో మిగులుతావు.

ఇంత జాగ్రత్తపడ్డా పడిపోయేవాళ్లుంటారు. జబ్బు వస్తుంది, ప్రమాదం వస్తుంది. వాళ్ల కోసం రెండు మాటలు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం 6వ వచనం తిరగలిని గాని దాని పైరాతిని గాని తాకట్టుగా తీసుకోవద్దంటుంది. తీసుకుంటే మనిషి బతుకునే తాకట్టు పెట్టుకున్నట్టని దాని భావం. డ్రైవరుకు కారు ఆ తిరగలి రాయి. అదే అధ్యాయంలో 10, 11 వచనాలు, అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకోవడానికి ఇంట్లోకి జొరబడకూడదు, బయటే నిలబడాలి అంటాయి. పేదవాడి గుమ్మానికి కూడా దేవుడు గౌరవం ఇచ్చాడు. మన దేశపు చట్టంలోనూ ఆ గౌరవం కొంత ఉంది. అప్పు వసూలుకు, బండి జప్తుకు గూండాలను పంపడం కుదరదని, చట్టబద్ధమైన దారిలోనే చెయ్యాలని 2007లో సుప్రీంకోర్టు ప్రకాశ్ కౌర్ కేసులో తేల్చి చెప్పింది. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. ఫైనాన్సు సంస్థలు బండి స్వాధీనం చేసుకునే పద్ధతి, ముందు ఇచ్చే నోటీసు, అమ్మేముందు కట్టుకోవడానికి చివరి అవకాశం ఒప్పందంలోనే రాయాలి. ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 14448కి ఫోను చేస్తే దారి చెబుతారు.

అయితే తమ్ముడూ, హక్కులు తెలుసుకోవడం అప్పు ఎగ్గొట్టడానికి కాదు. తీసుకుని తిరిగి కట్టనివాడిని 37వ కీర్తన భక్తిహీనుల్లో లెక్కించింది. ఖాతాలో డబ్బు లేక ఆటోమేటిక్ వాయిదా తిరిగిపోతే, చెక్కు బౌన్సులాగే క్రిమినల్ కేసు దాకా పోవచ్చు. బండి తీసుకుపోయి అమ్మినా, అప్పుకు తక్కువపడిన సొమ్ము నీ మీదే ఉంటుంది. కాబట్టి కష్టం రాగానే దాక్కోకు. వాయిదా తప్పకముందే సంస్థకు వెళ్లి మాట్లాడు, గడువు పెంచమని రాతలో అడుగు. ఆ రోజు ఒంటరిగా పోకు, సంఘంలో ఒక పెద్దను వెంట తీసుకుపో.

సంఘ పెద్దలారా, ఇప్పుడు మీతో. ఇక నుంచి మన దగ్గర బండికి ప్రార్థన అడిగే పిల్లవాడు తాళానికి ముందు కాగితం తేవాలి. బుక్ చేసిన రోజున కాదు, సంతకం పెట్టకముందు. మన సంఘంలో లెక్క తెలిసినవాళ్లున్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, టీచర్లు, పోస్టాఫీసు ఉద్యోగులు. ఆ మూడు రోజుల్లో ఇద్దరు కూర్చుని పిల్లవాడితో ఆ కాగితం చదవండి. వాడి గుట్టు బయటపెట్టకండి. వద్దనాల్సి వస్తే ప్రేమగా వద్దనండి. సరే అనిపిస్తే ప్రార్థన చేసి పంపండి. ఐదేళ్ల తర్వాత ఆర్.సి.లో ఫైనాన్సు పేరు కొట్టించుకుని వచ్చిన రోజు వాణ్ణి ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించండి. మిఠాయి ఆ రోజు పంచుదాం. మధ్యలో బండి పోగొట్టుకున్నవాడి గదికి వెళ్లండి. కుర్చీ వేసుకుని వాడి పక్కన కూర్చోండి. వచ్చే ఆదివారం రమ్మని చెప్పండి. వాడి మీద దేవుని ప్రేమ ఏ వాయిదాతోనూ ముడిపడి లేదని వాడికి మన నోటితో తెలియాలి.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా పిల్లల కష్టాన్ని నీవు చూస్తున్నావు. వాళ్లకు పనిముట్టు ఇవ్వు, దానితో పాటు వివేకం ఇవ్వు. తొందరపెట్టే మాట నుంచి, మొహమాటపు సంతకం నుంచి వాళ్లను కాపాడు. అప్పులో ఉన్నవాళ్లకు తీర్చే బలం ఇవ్వు, పడిపోయినవాళ్లను లేపడానికి మమ్మల్ని పంపు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.

ఈ నెలలో బండి కొనాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, అడ్వాన్సు ఇవ్వకముందు నాకు గాని, మన సంఘ పెద్దలకు గాని ఒక్క ఫోను చెయ్యండి. ఏ వేళైనా ఫరవాలేదు.

ప్రభువు పరిచర్యలో, మీ పాస్టరు.